ముట్టుకోకుండా అడ్డుకోవడం: బడిపిల్లలకు కోర్ఫ్‌బాల్ రక్షణ పాఠాలు

కోర్ఫ్‌బాల్‌లో రక్షణ అంటే ఎదుటివారి చేతిలోంచి బంతిని లాక్కోవడం కాదు. వాళ్లు బుట్టకు గురిపెట్టే వీలు లేకుండా సరైన చోట నిలబడడం. అలా నిలబడ్డ డిఫెండర్ బంతిని తాకకపోయినా పని జరిగినట్టే. ఆ డిఫెండర్ మీదుగా వేసిన బంతి బుట్టలో పడినా గోల్ చెల్లదు. రిఫరీ విజిల్ ఊది బంతిని రక్షించే జట్టుకు అప్పగిస్తారు. బంతి ఆటల్లో ఇలాంటి నియమం చాలా అరుదు. ఈ ఆటలో రక్షణను బడిపిల్లలకు నేర్పే పద్ధతంతా ఈ ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. బలం, ఎత్తు, వేగం తర్వాతి మాట. ముందుగా నేర్పవలసింది చోటు.

ఈ ఆట పుట్టిందే బడి కోసం. ఆమ్‌స్టర్‌డామ్‌లో పంతులుగా పనిచేస్తున్న నికో బ్రూక్‌హౌసెన్ 1902లో స్వీడన్‌లోని నేస్ అనే చోటికి ఉపాధ్యాయుల వేసవి శిక్షణకు వెళ్లారు. అక్కడ గుంజకు బిగించిన రింగులోంచి బంతిని వేసే ఒక ఆట చూశారు. తిరిగొచ్చాక దాని నియమాలను సులువు చేసి, రింగుకు బదులు బుట్ట పెట్టి తన విద్యార్థులకు నేర్పారు. బుట్టయితే గోల్ అయిందీ లేనిదీ దూరం నుంచి కూడా తెలుస్తుంది. డచ్ భాషలో ‘కోర్ఫ్’ అంటే బుట్టే. 1903లో నెదర్లాండ్స్‌లో ఈ ఆటకు జాతీయ సంఘం ఏర్పడింది. 1920లో ఆంట్వెర్ప్, 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో దీన్ని ప్రదర్శన క్రీడగా ఆడారు. 1933లో అంతర్జాతీయ సమాఖ్య వచ్చింది. 1993లో ఆ సమాఖ్యకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు దక్కింది. 1978లో మొదలైన ప్రపంచ పోటీల్లో 2023 వరకు ఒక్క 1991లో తప్ప ప్రతిసారీ నెదర్లాండ్సే గెలిచింది. ఆ ఒక్కసారి బెల్జియం గెలిచింది.

బ్రూక్‌హౌసెన్ తరగతిలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదువుకునేవారు. ఆటలో కూడా కలిసే ఆడాలన్నది ఆయన ఉద్దేశం. ఒక్కరి బలంతో గెలవకూడదన్నది ఇంకో ఉద్దేశం. అందుకే ఈ ఆటలో బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, నేలకు కొడుతూ ముందుకు పోకూడదు. పాస్ ఇవ్వాలి, ఖాళీలోకి కదలాలి, మళ్లీ బంతి అందుకోవాలి. రక్షణ నియమాలకూ ఈ రెండు ఉద్దేశాలే పునాది.

మైదానం, మనుషులు

జట్టుకు ఎనిమిది మంది ఆడతారు. వారిలో నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. ఇండోర్ మైదానం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. మధ్య గీత దాన్ని రెండు జోన్లుగా విడదీస్తుంది. ప్రతి జట్టు ఒక్కో జోన్‌లో ఇద్దరు అబ్బాయిలను, ఇద్దరు అమ్మాయిలను నిలుపుతుంది. ఒక జోన్‌లోని నలుగురు దాడి చేస్తే, రెండో జోన్‌లోని నలుగురు రక్షిస్తారు. ఆట సాగుతుండగా ఎవరూ మధ్య గీత దాటి వెళ్లరు. రెండు జట్లకూ కలిపి రెండు గోల్స్ పడగానే జోన్లు మారతాయి. అప్పటిదాకా దాడి చేసినవారు రక్షకులవుతారు, రక్షించినవారు దాడికి వెళతారు.

నేర్పేవారు ఈ మార్పిడిని మొదటే దృష్టిలో పెట్టుకోవాలి. ఫుట్‌బాల్‌లో ఒకరు ఎప్పుడూ డిఫెండర్‌గానే ఉండిపోవచ్చు. కోర్ఫ్‌బాల్‌లో అది కుదరదు. మంచి షూటర్ కూడా కాసేపటికి రక్షణకు రావలసిందే. కాబట్టి తరగతిలో ఏ ఒక్కరినీ రక్షణ పాఠం నుంచి మినహాయించే వీలుండదు.

బుట్ట ఎత్తు పెద్దవారికి 3.5 మీటర్లు. దానికి అడుగు ఉండదు, వెనుక బోర్డు కూడా ఉండదు. గుంజను జోన్ చివర కాకుండా, చివరి గీతకు 6.67 మీటర్ల లోపల నిలబెడతారు. అంటే గుంజకు ముందే కాదు, వెనుక కూడా ఆట జరుగుతుంది. బాస్కెట్‌బాల్‌లో బుట్ట వెనకవైపు మైదానం దాదాపు ముగిసిపోతుంది కాబట్టి డిఫెండర్ వీపు ఎప్పుడూ ఒకే దిక్కుకు ఉంటుంది. కోర్ఫ్‌బాల్‌లో దాడి నాలుగు దిక్కుల నుంచీ రావచ్చు. పిల్లలకు మొదట తికమక పెట్టేది ఇదే.

షాట్ చెల్లకుండా చేసే నాలుగు షరతులు

దాడి చేసేవారి షాట్ చెల్లకూడదంటే, బంతి వేసే క్షణంలో డిఫెండర్ నాలుగు షరతులు నెరవేర్చాలి. ఒకటి, ఎదుటివారికంటే గుంజకు దగ్గరగా ఉండాలి. రెండు, చేయి చాపితే ఎదుటివారు అందేంత దూరంలో ఉండాలి. మూడు, ముఖం ఎదుటివారి వైపు తిరిగి ఉండాలి. నాలుగు, బంతిని ఆపడానికి నిజంగా ప్రయత్నిస్తూ ఉండాలి. అంటే చేయి పైకి లేచి ఉండాలి. నాలుగింటిలో ఒక్కటి తప్పినా షాట్ చెల్లుతుంది.

గుంజకు దగ్గరలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. ఇద్దరూ గుంజను ఆనుకున్నంత దగ్గరగా, చెరో పక్కన ఉన్నప్పుడు ఎవరు గుంజకు దగ్గర అన్న లెక్క చూడరు. మిగతా షరతులు నెరవేరితే చాలు.

ఈ నాలుగింటినీ ఒకేసారి నల్లబల్ల మీద రాసి వల్లె వేయించడం వల్ల ఫలితం తక్కువ. పిల్లల శరీరానికి ఒక్కో షరతు విడిగా అలవాటు కావాలి. చోటు, దూరం, ముఖం, చేయి అన్న వరుసలో నేర్పితే ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద నిలుస్తుంది. చేయి ఎత్తడం అన్నిటికంటే సులువు కాబట్టి పిల్లలు దాంతోనే మొదలుపెడతారు. తప్పు చోట నిలబడి ఎత్తిన చేతికి మాత్రం ఈ ఆటలో విలువ లేదు.

చేయకూడని పనులు

ఏం చేయకూడదో కూడా మొదటి పీరియడ్‌లోనే చెప్పాలి. ఎదుటివారి చేతిలోని బంతిని కొట్టి పడేయకూడదు, లాక్కోకూడదు. నెట్టడం, పట్టుకోవడం, మీద పడడం, దారిలోకి చేయి చాచి మనిషిని ఆపడం తప్పు. బంతి వదిలే చేతిని కొట్టకూడదు. బంతి వెళ్లే దారిలో చేయి పెట్టవచ్చు. బంతి వచ్చి ఆ చేతికి తగిలితే అది మంచి రక్షణే. అంటే అడ్డుకోవలసింది బంతి దారిని, మనిషిని కాదు. తప్పు వల్ల గోల్ అవకాశం పోయిందని రిఫరీ భావిస్తే గుంజ నుంచి 2.5 మీటర్ల దూరంలో పెనాల్టీ ఇస్తారు. అక్కడ అడ్డుకునేవారెవరూ ఉండరు కాబట్టి అది దాదాపు చేతికందిన గోల్.

తెలుగు నేల మీద కబడ్డీ ఆడి పెరిగిన పిల్లలకు ఈ తేడా విడమరచి చెప్పాలి. కబడ్డీలో డిఫెండర్ గొప్పతనం పట్టులో ఉంటుంది. కాలు దొరికితే వదలకపోవడమే అక్కడ విద్య. కోర్ఫ్‌బాల్‌లో పట్టుకున్న క్షణమే తప్పు జరిగినట్టు. అయితే కబడ్డీ నేర్పిన ఒక గుణం ఇక్కడా పనికొస్తుంది. రైడర్ నడుము, పాదాల కదలికను బట్టి ఎటు తిరుగుతాడో పసిగట్టే చూపు అది. చేతులను కట్టడి చేసి, ఆ చూపును నిలుపుకోమని చెబితే పిల్లలు త్వరగా దారిలో పడతారు.

ఇంకో రెండు నియమాలు కోర్ఫ్‌బాల్‌కే ప్రత్యేకం. బంతి వేస్తున్న అమ్మాయిని అబ్బాయి అడ్డుకోకూడదు. అబ్బాయిని అమ్మాయి అడ్డుకోకూడదు. అలాగే ఇప్పటికే ఒకరు అడ్డుకుంటున్న ఆటగాడిని రెండో డిఫెండర్ వచ్చి అడ్డుకోకూడదు. అందువల్ల ప్రతి డిఫెండర్‌కూ తనదైన ఒక మనిషి ఉంటారు. ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అనే మాటకు ఇక్కడ తావు లేదు.

మొదటి పాఠం: కనబడని గీత

దాడి చేసేవారికీ గుంజకూ మధ్య నేల మీద ఒక గీత ఉందని ఊహించుకోవాలి. డిఫెండర్ ఎప్పుడూ ఆ గీత మీదే ఉండాలి. ఎదుటివారు కదిలితే గీతా కదులుతుంది, గడియారంలో ముల్లు తిరిగినట్టు గుంజ చుట్టూ తిరుగుతుంది. దాన్ని కళ్లకు కట్టించడానికి తాడు మంచి సాధనం. ఆరేడు మీటర్ల తాడు ఒక కొసను గుంజ అడుగున వదులుగా కట్టి, రెండో కొసను దాడి చేసేవారి చేతికి ఇవ్వాలి. తాడు నేలకు దగ్గరగా ఉండాలి. డిఫెండర్ దానికి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడాలి. దాడి చేసేవారు నెమ్మదిగా గుంజ చుట్టూ నడుస్తారు. తాడు తమ కాళ్ల మధ్యే ఉండేలా డిఫెండర్ పక్కకు జరుగుతూ పోవాలి. పరుగులో తాడు కాలికి చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని నడకలోనే చేయించాలి. రెండు మూడు చుట్లు తిరిగాక తాడు తీసేసి అదే కదలికను గుర్తుతో చేయమనాలి.

ఈ పాఠానికి బుట్ట కూడా అక్కర్లేదు. నేలలో పాతిన ఒక కర్రో, నిలబెట్టిన ఒక కోనో చాలు. డిఫెండర్‌కు తెలియాల్సింది గుంజ ఎక్కడుందన్నది మాత్రమే. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్క కోర్ఫ్‌బాల్ గుంజే ఉన్నా, పది కర్రలు పాతితే అందరూ ఒకేసారి సాధన చేయవచ్చు. బంతి ఇవ్వకుండా మొదలుపెట్టడం ఇంకా మేలు. బంతి కనిపిస్తే పిల్లల కళ్లు దాని వెంటే పోతాయి, పాదాలను మరిచిపోతారు.

గీత లోపల ఉండడం వల్ల వచ్చే లాభాన్ని లెక్కతో చూపిస్తే పెద్ద తరగతుల పిల్లలకు ఆసక్తి కలుగుతుంది. గుంజ నుంచి 6 మీటర్ల దూరంలో ఉన్నవారు పావు చుట్టు తిరగాలంటే దాదాపు 9.4 మీటర్లు పరుగెత్తాలి. అదే పావు చుట్టుకు 5 మీటర్ల దూరంలో ఉన్న డిఫెండర్ పరుగెత్తవలసింది సుమారు 7.9 మీటర్లే. ఒకటిన్నర మీటరు ఆదా. ఎదుటివారి కంటే కాస్త నెమ్మదిగా పరుగెత్తే పిల్లలు కూడా సరైన చోట ఉంటే వెనకబడరన్నమాట. గణితం పీరియడ్‌లో చదివిన వృత్తపరిధి ఆటస్థలంలో కాళ్లకు అర్థమయ్యే సందర్భం ఇది.

పాదాల పని

నిలబడే తీరు సులువైనదే. పాదాలు భుజాలంత ఎడంగా, ఒకటి కాస్త ముందుకు ఉండాలి. మోకాళ్లు కొద్దిగా వంగి, బరువు మునివేళ్ల వైపు ఉండాలి. మడమల మీద బరువు వేసినవారు బయలుదేరడానికి ముందు ఒకసారి ముందుకు ఊగాలి. ఆ ఊగేలోగా ఎదుటివారు దాటిపోతారు. పక్కకు జరిగేటప్పుడు పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే కాళ్లు చిక్కుపడతాయి. అయితే ఎదుటివారు గుంజ వైపు పూర్తి వేగంతో దూసుకెళితే పక్క అడుగులు చాలవు. అప్పుడు తిరిగి, వారి పక్కనే పరుగెత్తి, మళ్లీ ముఖం వారి వైపు తిప్పాలి. ఎప్పుడు జరగాలి, ఎప్పుడు పరుగెత్తాలి అనే నిర్ణయం సాధన వల్లే వస్తుంది.

అద్దం ఆట దీనికి బాగా పనికొస్తుంది. ఇద్దరేసి పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ఎటు కదిలితే రెండోవారు అటు కదలాలి. ఇరవై సెకన్లు చేసి పాత్రలు మార్చుకోవాలి. అంతకు మించితే కాళ్లు అలిసి తప్పుడు అడుగులు అలవాటవుతాయి. చిన్న తరగతుల పిల్లలకు దీన్నే ముట్టుకునే ఆటగా మార్చవచ్చు. ఒకరు కర్రను ముట్టుకోవాలి, రెండోవారు చేతులు వెనక్కి కట్టుకుని, సరైన చోట నిలబడి వారిని పక్కదారి పట్టించాలి. చేతులు కట్టుకుంటే పట్టుకునే అలవాటు దానంతటదే పోతుంది.

దగ్గరా, దూరమా

కోర్ఫ్‌బాల్ రక్షణలో అసలు చిక్కు దూరంతో వస్తుంది. దాడి చేసేవారికి రెండు ఆయుధాలు ఉన్నాయి. ఒకటి దూరం నుంచి వేసే షాట్. రెండోది పరుగెత్తుకుంటూ గుంజ దగ్గరికి వచ్చి, పాస్ అందుకుని, రెండు చేతులతో కింద నుంచి పైకి వేసే షాట్. డిఫెండర్ మరీ దగ్గరగా ఉంటే ఎదుటివారు పక్కనుంచి దాటి గుంజ దగ్గరికి పోతారు. మరీ వెనక్కి ఉంటే నిలబడ్డచోటి నుంచే హాయిగా షాట్ వేస్తారు. నేర్పు ఉన్నవారు ఈ రెండింటినీ కలుపుతారు. గుంజ వైపు రెండడుగులు దూసుకొచ్చి డిఫెండర్‌ను వెనక్కి తగ్గేలా చేసి, చటుక్కున వెనక్కి వెళ్లి బంతి అందుకుని వేస్తారు.

చేయి చాపు దూరం ఈ రెండు ప్రమాదాలకూ మధ్యన ఉంది. ఆ దూరాన్ని కొలిచే పద్ధతి పిల్లలకు నేర్పాలి. ఎదుటివారి భుజం వైపు చేయి చాచి, వేలి కొసలు దాదాపు తగిలేంత దగ్గరకు వచ్చి, చేయి దించేయాలి. ఎత్తు, చేతి పొడవు వేరు కాబట్టి ప్రతి పిల్లకూ ప్రతి పిల్లవాడికీ ఆ దూరం వేరుగా ఉంటుంది. కొన్ని వారాలకు చేయి చాచకుండానే కంటితో పోల్చుకోగలుగుతారు.

ఒకరికొకరు ఆడే సాధనలో ఈ చిక్కు పూర్తిగా కనిపిస్తుంది. గుంజ దగ్గర బంతి ఇచ్చే ఒకరు, బయట దాడి చేసే ఒకరు, వారికి ఒక డిఫెండర్. దాడి చేసేవారికి పదిసార్లు బంతి వస్తుంది. సరైన రక్షణ ఉన్నప్పుడు షాట్ వేయకుండా బంతి తిరిగి ఇచ్చేయాలి. పక్కన కూర్చున్న ఇంకో విద్యార్థి రిఫరీగా ఉండి, ప్రతిసారీ నాలుగు షరతుల్లో ఏది తప్పిందో చెప్పాలి. చూసి చెప్పగలిగినవారు తమ వంతు వచ్చినప్పుడు చేసి చూపగలుగుతారు. ఆడేటప్పటి కంటే ఎక్కువగా ఈ రిఫరీ పాత్రలోనే పిల్లలు నియమాన్ని ఒంటబట్టించుకుంటారు.

చేయి, చూపు

చోటూ దూరమూ కుదిరాకే చేయి గురించి చెప్పాలి. ఎదుటివారు బంతిని ఏ వైపు నుంచి వేస్తారో ఆ వైపు చేయి లేవాలి. బంతి చేతుల్లోకి రాకముందే చేయి కదలడం మొదలుపెట్టాలి. బంతి గాల్లోకి లేచాక ఎత్తిన చేయి ఆలస్యమే. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలు ‘నా చేయి బంతికి అందదు కదా’ అని నిరుత్సాహపడతారు. వారికి నియమాన్ని గుర్తు చేయాలి. బంతికి చేయి తగలాలని నియమం అనదు, ఆపడానికి ప్రయత్నించాలని మాత్రమే అంటుంది. పొట్టి అమ్మాయి తన కంటే జానెడు ఎత్తున్న అమ్మాయి షాట్‌ను చెల్లకుండా చేయగలదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ పిల్ల ఆటలో నిలబడే తీరే మారిపోతుంది.

చూపు అన్నిటికంటే కష్టం. ఎదుటివారిని చూడాలి, బంతి ఎక్కడుందో తెలియాలి. ఎదుటివారి ముఖాన్నో కళ్లనో చూస్తే మోసపోవచ్చు. నడుము, ఛాతీ భాగం మోసం చేయలేవు, మనిషి వెళ్లేచోటికే అవీ వెళతాయి. కాబట్టి చూపు అక్కడ నిలపాలి. బంతి కోసం తల క్షణంపాటు తిప్పి వెంటనే వెనక్కి తేవాలి. ఎదుటివారి చేతులు పైకి లేచాయంటే బంతి వస్తోందని అర్థం. సాధనలో ఉపాధ్యాయులు డిఫెండర్ వెనక నిలబడి వేళ్లు చూపించి, ఎన్ని వేళ్లో చెప్పమనవచ్చు. ఎదుటివారిని వదలకుండా ఆ అంకె చెప్పగలిగితే చూపు పంచుకోవడం వచ్చినట్టే.

గుంజ కింద జరిగే ఆట

షాట్ వేసిన బంతి బుట్టలో పడకపోతే గుంజ కింద దాన్ని అందుకోవడం రీబౌండ్. పైకి చిన్న విషయంలా కనిపించినా, రక్షణ వ్యూహమంతా దీని మీదే ఆధారపడుతుంది. రీబౌండ్ దాడి జట్టు చేతిలో ఉంటే, బయట ఉన్న షూటర్లు ధైర్యంగా దూరం నుంచి వేస్తారు. తప్పినా బంతి మళ్లీ వారికే వస్తుంది. అలాంటప్పుడు బయటి డిఫెండర్లు ఇంకా దగ్గరికి వెళ్లి దూరపు షాట్‌ను ఆపాలి. రీబౌండ్ రక్షకుల చేతిలో ఉంటే, దాడి జట్టు దూరపు షాట్‌కు జంకుతుంది. దూసుకొచ్చి వేయడానికి ప్రయత్నిస్తుంది. అప్పుడు బయటి డిఫెండర్ అర అడుగు వెనక్కి తగ్గి ఆ దారి మూయవచ్చు.

బయటి డిఫెండర్ వీపు గుంజ వైపు ఉంటుంది కాబట్టి రీబౌండ్ ఎవరిదో వారికి కనిపించదు. గుంజ దగ్గరున్న సహచరులే చెప్పాలి. పిల్లలకు రెండు మాటలు చాలు. రీబౌండ్‌కు అనువైన చోటు తమకు దొరికితే ‘మనది’, దొరకకపోతే ‘వాళ్లది’. బయటివారు బదులుగా ఒక మాట చెప్పాలి. తమ ఎదుటివారు బంతి వదలగానే ‘షాట్’ అని అరవాలి. ఆ కేకతో గుంజ దగ్గరివారు బంతి వైపు తిరుగుతారు. ఈ మూడు మాటలు అలవాటైన జట్టు నిశ్శబ్దంగా ఆడే జట్టు కంటే ఎంతో మెరుగ్గా రక్షిస్తుంది. తరగతిలో నోరు విప్పని పిల్లలు ఆటలో అరవడానికి సిగ్గుపడతారు. కొన్ని సాధనల్లో కేక వేసిన వారికే పాయింటు ఇస్తే ఆ సిగ్గు పోతుంది.

రీబౌండ్ కోసం గుంజను కౌగిలించుకున్నట్టు నిలబడకూడదు. బుట్ట అంచుకు తగిలిన బంతి కొంత దూరంలో పడుతుంది. షాట్ ఏ వైపు నుంచి వచ్చిందో దానికి అవతలి వైపు పడే అవకాశం ఎక్కువ. ఒక అడుగు ఎడంగా, మోకాళ్లు వంచి, చేతులు ముందుకు పెట్టి వేచి ఉండాలి. వెనకవారిని నడుముతో తోయకూడదు. ముందుగా ఆ చోటుకు చేరుకోవడమే హక్కు.

గుంజ దగ్గర ఇంకో పని ఉంది. దాడి జట్టులో ఒకరు గుంజ దగ్గర నిలబడి బయటివారి నుంచి బంతి అందుకుని, దూసుకొచ్చేవారికి ఇస్తుంటారు. ఈ మనిషికి బంతి అందితే రక్షకులందరికీ ముప్పే. కాబట్టి వీరిని కాచే డిఫెండర్ గుంజ వైపు కాకుండా, బంతి వచ్చే వైపు, ఎదుటివారి ముందు నిలబడి పాస్‌ను అడ్డుకోవచ్చు. దీనిలో ఒక ప్రమాదం ఉంది. తల మీదుగా వేసిన పాస్ అందుకుంటే గుంజ పక్కనే తేలిక షాట్ దొరుకుతుంది. అందుకే ముందు నిలబడే పద్ధతిని, వెనక నిలబడడం బాగా వచ్చిన తర్వాతే నేర్పాలి.

నలుగురి రక్షణ

ఒక్కొక్కరికి ఒక్కొక్కరు అన్నది మూల సూత్రమే అయినా, నలుగురూ కలిసి ఆలోచిస్తేనే రక్షణ నిలుస్తుంది. సాధారణంగా ఎత్తులో, వేగంలో సరిపోలే జంటలను ఎంచుకోవాలి. అబ్బాయికి అబ్బాయి, అమ్మాయికి అమ్మాయి అన్న నియమం ఎలాగూ ఉంది. ఆట మొదలయ్యే ముందే నలుగురూ తమ తమ ఎదుటివారిని వేలెత్తి చూపి ‘ఈమె నాది’, ‘ఇతడు నావాడు’ అని తేల్చుకోవాలి.

దాడి చేసేవారు ఇద్దరు ఒకరి పక్కనుంచి ఒకరు దాటినప్పుడు చిక్కు వస్తుంది. రెండో ఆటగాడు అడ్డం పడడంతో డిఫెండర్ ఆగిపోవలసి వస్తుంది. అంతకుముందు ఆ డిఫెండర్ చేయి చాపు దూరంలోనే ఉండి ఉంటే, అలా తప్పించుకున్నవారి షాట్‌ను రిఫరీ చెల్లనివ్వరు. ముందే దూరంగా ఉండిపోయినవారికి ఈ రక్షణ వర్తించదు. చేయి చాపు దూరం విలువ ఇక్కడ మరోసారి తెలుస్తుంది. అలాంటి సందర్భాల్లో ఇద్దరు అబ్బాయిలో, ఇద్దరు అమ్మాయిలో ‘మార్చు’ అని కేకేసి మనుషులను మార్చుకోవచ్చు. అబ్బాయికీ అమ్మాయికీ మధ్య ఈ మార్పిడి కుదరదు.

సహచరి ఓడిపోయి ఆమె ఎదుటి అమ్మాయి ఒంటరిగా గుంజ వైపు వస్తుంటే, దగ్గరున్న అబ్బాయి ఏం చేయాలి? ఆమె షాట్‌ను అడ్డుకునే హక్కు అతడికి లేదు. కానీ ఆమెకు వచ్చే పాస్‌ను గాల్లో అందుకోవచ్చు. అందుకే సాయం చేయాలనుకున్న డిఫెండర్ మనిషి వైపు కాక బంతి దారి వైపు చూడాలి. తనవారిని పూర్తిగా వదిలేసి పరుగెత్తితే అక్కడ ఇంకో దారి తెరుచుకుంటుంది. ఒకడుగు వేసి, వెంటనే వెనక్కి రావడమే సాయం.

పెద్ద స్థాయి పోటీల్లో దాడి జట్టు 25 సెకన్లలో షాట్ వేయాలి. బడి ఆటలో ఆ గడియారం లేకపోయినా, పక్కనున్న విద్యార్థులు గట్టిగా లెక్కపెడితే రక్షకులకు ఒక గురి దొరుకుతుంది. పాతిక సెకన్లు నిలబడగలిగితే గెలిచినట్టే. బంతి చేతికొచ్చాక ఆఖరి పని, దాన్ని మధ్య గీత అవతల ఉన్న సహచరులకు పదిలంగా అందించడం. ఆ మొదటి పాస్ పోగొట్టుకుంటే అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. కాబట్టి రక్షణ సాధన ప్రతిసారీ ఆ పాస్‌తోనే ముగియాలి.

వయసును బట్టి పాఠం

చిన్నపిల్లలకు పెద్దల కొలతలు సరిపోవు. వారికి బుట్టను 2.5 నుంచి 3 మీటర్ల ఎత్తున పెట్టి, చిన్న బంతి ఇచ్చి, జోన్లు లేని చిన్న మైదానంలో జట్టుకు నలుగురితో ఆడించడం మేలు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో ‘నీ మనిషికీ గుంజకూ మధ్య ఉండు’ అన్న ఒక్క మాట చాలు. పది, పదకొండేళ్లకు చేయి చాపు దూరం, ఎత్తిన చేయి కలపవచ్చు. పన్నెండు దాటాక బంతినీ మనిషినీ ఒకేసారి గమనించడం, రీబౌండ్ కేకలు నేర్పవచ్చు. మనుషులను మార్చుకోవడం, ముందు నిలబడి పాస్‌ను ఆపడం ఉన్నత పాఠశాల చివరి తరగతులకు తగినవి.

నలభై నిమిషాల పీరియడ్‌ను ఇలా పంచుకోవచ్చు. మొదటి ఆరు నిమిషాలు అద్దం ఆటతో ఒళ్లు వేడెక్కించాలి. తర్వాతి పది నిమిషాలు కొత్త పాఠం, అది ఒక్క అంశమే కావాలి. మరో పది నిమిషాలు ఒకరికొకరు ఆడే సాధన. ఆపై పన్నెండు నిమిషాలు నలుగురు నలుగురు ఆట. ఈ ఆటలో పాయింట్ల లెక్క మార్చాలి. గోల్‌కు ఒకటి, చెల్లకుండా చేసిన షాట్‌కు రెండు. అప్పుడు రక్షణకు కూడా చప్పట్లు పడతాయి. చివరి రెండు నిమిషాలు పిల్లలే తమకు ఏం తెలిసిందో చెప్పాలి.

తరచుగా కనిపించే తప్పులు నాలుగు. బంతి వెంట చూస్తూ మనిషిని పోగొట్టుకోవడం మొదటిది. బంతి అందుకున్న ప్రతివారి మీదికీ అందరూ ఎగబడడం రెండోది. ఎదుటివారి ప్రతి నటనకూ ఎగరడం మూడోది. పాదాలు నేల మీద ఉన్నవారే మళ్లీ కదలగలరు. తాము కాచేవారు గోల్ వేయగానే తల దించుకుని ఆగిపోవడం నాలుగోది. మొదటి మూడింటికి సాధన మందు. నాలుగోదానికి ఉపాధ్యాయుల మాట మందు. గోల్ పడ్డాక ‘ఎందుకు వదిలావు’ అని గద్దించకుండా ‘నువ్వు ఎక్కడ నిలబడ్డావు’ అని అడిగితే, విద్యార్థి తన తప్పును తానే కనుక్కుంటాడు.

పిల్లల ప్రగతిని అంచనా వేసేటప్పుడు కూడా ఇదే కొలత వాడాలి. ఎన్ని బంతులు ఆపారన్నది ఎత్తును బట్టి, ఎదుటివారి నేర్పును బట్టి మారిపోతుంది. ఎదుటివారు బంతి అందుకున్న పదిసార్లలో ఎన్నిసార్లు నాలుగు షరతులు నెరవేర్చారన్నది మాత్రం పూర్తిగా డిఫెండర్ చేతిలో ఉన్న విషయం. పది సందర్భాలను ఒక కాగితం మీద రాసి, ప్రతి షరతుకు ఒక టిక్కు పెడితే ఏ పిల్లకు ఏ పాఠం మళ్లీ చెప్పాలో తేలిపోతుంది. నెల తర్వాత అదే కాగితాన్ని మళ్లీ నింపితే పురోగతి కూడా కనిపిస్తుంది. ఆ కాగితంలో ఎత్తుకు గానీ, బలానికి గానీ, అబ్బాయి అమ్మాయి అన్న తేడాకు గానీ గడి ఉండదు. చోటు, దూరం, ముఖం, చేయి: నాలుగే గడులు, అందరికీ అవే.